నిజాం బిళ్ళ అంటించిన కవరు

జగ్గయ్యపేటలో డబ్బాలో వేసిన ఉత్తరం పక్కనున్న కోదాడ వెళ్ళాలన్నా, దేశం చివర మంచుకొండల్లో ఉన్న ఊరికి వెళ్ళాలన్నా దానికి అంటించే బిళ్ళ ఒకటే, ధర ఒకటే. తపాలా శాఖలో ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసినవాణ్ణి గనుక ఈ మాట కాస్త గర్వంగానే చెబుతాను. మీలో చాలామంది స్టాంపు వెనక తడి చేసి కవరుకి అంటించి ఉండరు. ఇప్పుడు కౌంటర్లో స్పీడ్‌పోస్టుకి దూరం చూసి రేటు చెప్పి, గీతల కాగితం ఒకటి అతికించి ఇస్తున్నారు. మామూలు ఉత్తరానికి మాత్రం ఇప్పటికీ దూరంతో పని లేదు. రాష్ట్రం రెండైన రోజుల్లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బస్సులు ఆగేవి, లారీలు ఆగేవి. మా సంచిని ఎవరూ విప్పి చూడలేదు.

ఆ మరుసటి ఏడే నా ఉద్యోగానికి ఆఖరి ఏడు. ఆ ఏడు నేను చేసిన పని ఒకటి ఇక్కడ చెబుతాను. అందులో నాకు పేరు వచ్చే భాగం తక్కువ.

మాది వత్సవాయి దగ్గర ఒక పల్లె. అక్కడ మా ఇంటిని మేడ అనేవాళ్ళు. నాకు ఊహ తెలిసేసరికే పై అంతస్తు కూలిపోయి, మేడ అన్న పేరు మాత్రం మిగిలింది. భూమి కొంత కోర్టులకీ, కొంత మా నాన్నగారి మిరపకాయల వ్యాపారానికీ, మిగిలింది మా చిన్నాన్నల మంచితనానికీ పోయింది. నాకు తపాలా గుమస్తా ఉద్యోగం వచ్చినప్పుడు మా నాయనమ్మ సంతోషించలేదు. మన ఇంటికి ఉత్తరాలు వస్తాయి గానీ మన ఇంటివాళ్ళు ఉత్తరాలు మొయ్యరు అంది. మొయ్యను, ముద్ర వేస్తాను అని సర్దిచెప్పాను. ఆ రోజు నుంచి పదవీ విరమణ దాకా ఇస్త్రీ చెయ్యని చొక్కాతో ఆఫీసుకు వెళ్ళలేదు, కుర్చీలో వెనక్కి వాలి కూర్చోలేదు. తోటివాళ్ళు నా వెనక ‘దొరవారు’ అనుకునేవాళ్ళని తెలుసు. తెలియనట్టే ఉండేవాణ్ణి. నిజం చెప్పాలంటే అది నాకు బాగానే ఉండేది.

మేడ నుంచి నా చేతికి వచ్చిన ఆస్తి ఒక్కటే, మా తాతగారి స్టాంపుల ఆల్బం. ఆయనకి అది పిచ్చి. స్వరాజ్యం రాకముందు కొన్ని సంస్థానాలకు సొంత తపాలా, సొంత బిళ్ళలు ఉండేవి. మనది ఇంగ్లీషువాళ్ళ ఇలాకా, పొలిమేర దాటితే నిజాం ఇలాకా. అక్కడి బిళ్ళ అక్కడే చెల్లేది. ఆ బిళ్ళతో ఇటు ఉత్తరం వేస్తే బిళ్ళ లేని ఉత్తరం కిందే లెక్క, అందుకునేవాడు రెట్టింపు కట్టి విడిపించుకోవాలి. బేరింగు ఉత్తరం అనేవాళ్ళు. ఆల్బంలో అలాంటి కవరు ఒకటి చెక్కుచెదరకుండా ఉండేది. అప్పట్లో నిజాం ఇలాకాలో చాలామంది బిళ్ళను కవరు వెనకవైపు అంటించేవాళ్ళు. అందుకని తాతగారు వెనకవైపు పైకి వచ్చేలా కవరును పేజీకి జిగురుతో అతికించారు. గోధుమరంగు బిళ్ళ, దాని మీద నాలుగు భాషల్లో ధర, అందులో తెలుగు ఒకటి. బిళ్ళ మీద సగం, కవరు మీద సగం పడేలా గుండ్రటి ముద్ర. చిన్నప్పుడు దాన్ని తాకబోతే తాతగారు చెయ్యి తోసేసేవారు. లోపల ఉత్తరం ఉన్నట్టుందే, విప్పి చూద్దామా అని అడిగితే మాత్రం కూర్చోబెట్టి చెప్పారు. పరుల ఉత్తరం మన ఇంట్లో విప్పరు. అంత మర్యాదస్తుడైన తాతగారి మనవణ్ణని ఎన్నేళ్ళు మురిసిపోయానో.

ఇక మా పోస్టుమాన్. ఇరవై రెండేళ్ళు ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేశాం. అతనిది మా ఊరే, ఊరికి తూర్పున ఉన్న పాలెం. వాళ్ళవి కూలిపని చేసుకునే క్రైస్తవ కుటుంబాలు. వాళ్ళలో ప్రభుత్వోద్యోగంలోకి వచ్చిన మొదటివాడు అతనే. నెమ్మదైన మనిషి. అతనికో అలవాటుంది. చేతికి కవరు వస్తే తిప్పి చిరునామా చదవకుండా కింద పెట్టడు. పెళ్ళికి వెళ్ళినా అంతే, బల్లమీద ఎవరిదో శుభలేఖ ఉంటే తిరగేసి ఏ ఊరు వెళ్ళాలో చూసేవాడు.

ఆ ఏడు మా డివిజన్ అధికారి ఒక ఆలోచన చేశారు. ఆయన ఒడిశా నుంచి వచ్చిన యువకుడు, పట్టుదలగా తెలుగు నేర్చుకుంటున్నారు. రాష్ట్రం విడిపోయి సరిహద్దు ఊళ్ళలో మనసులు నొచ్చుకుని ఉన్నాయి, నందిగామలో బడిపిల్లల కోసం రెండు రోజులు స్టాంపుల ప్రదర్శన పెడదాం, ‘ఒకే బిళ్ళ, ఒకే దేశం’ అని పేరు పెడదాం అన్నారు. నా ఆల్బం సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. జగ్గయ్యపేట వచ్చి స్వయంగా చూసి, ఆ కవరు దగ్గర ఆగిపోయారు. ఇదే మన ప్రదర్శనకు గుండెకాయ అన్నారు. పక్కనున్న పొలిమేర దాటితే ఒకనాడు బిళ్ళ చెల్లలేదని పిల్లలకు చూపిస్తే, ఇవాళ్టి బిళ్ళ విలువేమిటో వేరే చెప్పక్కర్లేదన్నారు. నాకు మేడ పై అంతస్తు మళ్ళీ లేచినంత పనైంది.

ప్రదర్శనకు ముందు ఆదివారం నేనూ పోస్టుమానూ ఆఫీసులో కూర్చుని చట్రాలు సిద్ధం చేస్తున్నాం. ఆల్బం పేజీ చట్రంలో పట్టలేదు. కవరును పేజీ నుంచి విడదీయాల్సి వచ్చింది. తడి గుడ్డ పరిచి, ఓపిగ్గా, మూల మూలా వదులు చేసి లేపింది అతనే. అలాంటి పనికి అతని వేళ్ళు పెట్టింది పేరు. కవరు చేతిలోకి రాగానే అలవాటు ప్రకారం తిరగేశాడు.

కిటికీ వెలుగులో పట్టి మళ్ళీ చదివాడు. ఏమయ్యా, చిరిగిందా అని అడిగాను.

“చిరగలేదండి. ఇది మా అమ్మమ్మకి వచ్చిందండి.”

తీసుకుని చూశాను. అరిగిన సిరా, గుండ్రటి తెలుగు అక్షరాలు. మా ఊరి పేరు, మేడ దొరగారి పాలేరు ఫలానా, ఆయన భార్య ఫలానా ఆమెకు అందేది అని ఉంది. పేర్లు ఇక్కడ రాయను. అలాంటి పేర్లు పాలెంలో చాలామందికి ఉంటాయి కదా అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

“రెండు పేర్లూ మావేనండి. మా తాత బొగ్గు బావుల్లో పనికని ఇల్లెందు వైపు పోయాడంట. మళ్ళీ రాలేదు, కబురు కూడా లేదు. అక్కడ ఇంకో ఆవిణ్ణి చేసుకున్నాడని ఊళ్ళో అనుకున్నారు. అమ్మమ్మ అదే నమ్మి పోయింది. మా అమ్మా అదే అంటది.”

ఇక్కడ మీకు ఆనాటి పద్ధతి చెప్పాలి. అప్పటి పోస్టుమాన్ వారానికోసారి మా ఊరు వచ్చేవాడు. పాలెంలో అడుగుపెట్టేవాడు కాదు. పాలెం వాళ్ళ ఉత్తరాలన్నీ మా అరుగు మీద పెట్టి పోయేవాడు. పనిలోకి వచ్చినవాళ్ళు అడిగి తీసుకోవాలి. వచ్చిందని తెలిస్తే కదా అడగడం. ఈ ఉత్తరం బేరింగులో వచ్చింది. బిళ్ళ చూసి ముచ్చటపడి తాతగారు రెట్టింపు కట్టి విడిపించుకున్నారు. డబ్బు నేను కట్టాను గనుక కవరు నాదే అనుకున్నారో, అసలు ఏమీ అనుకోలేదో. ఉత్తరం మాత్రం విప్పలేదు. పరుల ఉత్తరం కదా.

ఇదంతా ఆ ఆదివారం నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమయ్యాక నేను చేసిన పని ఇది. గొంతు తగ్గించి, ప్రదర్శన రేపే, అధికారి అందరికీ చెప్పేశారు, ఈ రెండు రోజులు కానిచ్చి ఇచ్చేస్తాను, అందాకా ఓపిక పట్టు అని అడిగాను.

“డెబ్బై ఏళ్ళు ఆగిందిగదండీ. రెండు రోజులదేముందండీ” అన్నాడు.

ఎగతాళిగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. కవరును తనే మళ్ళీ బిళ్ళ పైకి వచ్చేలా చట్రంలో అమర్చి, గాజు తుడిచి, మేకులు బిగించాడు.

నందిగామలో ఒక కల్యాణ మండపం తీసుకున్నాం. మొదటి రోజు పిల్లలు వరసలు కట్టి వచ్చారు. గుళ్ళ బిళ్ళలు, నాట్యాల బిళ్ళలు, పక్షులు, వంతెనలు, చేనేత చీరలు. అన్నీ దాటుకుని చివర నా చట్రం. దాని కింద అధికారి స్వయంగా రాసిన చీటీ, ‘మనం ఒకటి కాకముందు’ అని. మైకులో ఆయన నన్ను పాత జమీందారీ ఇంటి వారసుడని పరిచయం చేశారు. మాది జమీందారీ కాదు, పెద్ద కమతం, అంతే. నేను సరిదిద్దలేదు. నిటారుగా నిలబడి దండం పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చట్రం పక్కన పోస్టుమాన్ నిలబడి, పిల్లలు గాజు మీద చేతులు వెయ్యకుండా చూస్తున్నాడు. ఆ కాపలా పని నేను అప్పగించలేదు, తనే తీసుకున్నాడు. ఆ పూట అతని వైపు చూడకుండా ఉండటానికి నేను పడిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూడా వేరే బల్ల వెతుక్కున్నాను.

రెండో రోజు మధ్యాహ్నం జనం పల్చబడ్డాక, అతను బయటికి వెళ్ళి వాళ్ళమ్మను లోపలికి తీసుకొచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్లచీర, చేతిసంచి, వత్సవాయి బస్సు దిగి ఆటోలో వచ్చిన దుమ్ము. ఆవిణ్ణి చిన్నప్పుడు మా మిరపతోటల్లో చూశాను. నాకంటే పెద్దదైనా మా ఇంట్లో అందరూ ‘ఏమే’ అనే పిలిచేవారు. నేనూ పిలిచే ఉంటాను.

ఆవిడ చట్రం ముందు నిలబడి చాలాసేపు చూసింది. బైబిలు చదవడానికి నేర్చుకున్న చదువు ఉంది ఆవిడకి. బిళ్ళ మీద తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివింది. తర్వాత నావైపు తిరిగింది.

“ఇది మా అమ్మకొచ్చిన ఉత్తరమంట గదా బాబూ.”

అవునమ్మా అన్నాను.

“మరి దాని వీపు చూపిస్తారేం? మా అమ్మ పేరు అటుపక్కన పెట్టి.”

ఉద్యోగంలో ఎన్నో ఫిర్యాదులు విన్నాను, ప్రతిదానికీ ఏదో ఒక నిబంధన చెప్పగలిగాను. దీనికి సరిపోయే నిబంధన ఒక్కటే ఉంది. అది ఆదివారం నాడే నాకు తెలుసు. జేబులోంచి చిన్న కత్తి తీసి చట్రం మేకులు ఊడదీయడం మొదలుపెట్టాను. అధికారి గబగబా వచ్చారు, ఇంకా రెండు బడుల పిల్లలు రావాలన్నారు. ఆయనకు అక్కడే, అందరూ వింటుండగా చెప్పాను. ఇది చిరునామాదారుకు అందని ఉత్తరమనీ, మా ఇంట్లోనే ఆగిపోయిందనీ, ఆ సంగతి తెలిసి కూడా రెండు రోజులు నేను ఆపాననీ. ఆయన నన్నూ, ఆ తల్లినీ, చట్రాన్నీ చూశారు.

“చిరునామాదారు ఉన్నారా?” అని అడిగారు.

“లేరండి. వారి కుమార్తె వీరు.”

“అయితే బట్వాడా చేయండి” అన్నారు. పుస్తకాల్లో నేర్చుకున్న ఆ తెలుగు మాట నాకు అంత హాయిగా ఎప్పుడూ వినపడలేదు. చీటీ ఆయనే తీసి మడిచి జేబులో పెట్టుకున్నారు.

కవరు ఆవిడ చేతికి ఇచ్చాను. ఆవిడ దాన్ని తిరగేసి తల్లి పేరు వేలితో తడిమి, మళ్ళీ నాకే అందించింది. మీరే విప్పి చదవండి, మీ ఇంట్లోనే గదా ఆగింది అంది. కొడుకు చదువుతానంటే చేత్తోనే వద్దంది.

మా ఇంట్లో పరుల ఉత్తరం విప్పిన మొదటివాణ్ణి నేనే. కాగితం పండిపోయింది. ఎవరిచేతో రాయించిన నాలుగే నాలుగు మాటలు, తేదీ కూడా వెయ్యలేదు. పని ఖాయమైంది. ఉండటానికి గది ఇచ్చారు. చిన్నదానికి చెవిపోటు తగ్గిందా, వెచ్చగా వెల్లుల్లి నూనె చుక్క వెయ్యి, దాన్ని ఏడిపించకు. రావటం నీకిష్టమైతే జవాబు రాయించు, దసరాకి వచ్చి ఇద్దరినీ తీసుకొస్తా. జవాబు రాకపోతే ఇష్టం లేదనుకుంటా, బలవంతం చెయ్యను.

చివరి మాట చదివి తల ఎత్తేసరికి ఆవిడ ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

“ఈ చెవేనండి” అంది. “ఇప్పటికీ సరిగ్గా వినపడదు. నన్ను అడిగాడన్నమాట.”

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ ముక్క ఒక్కటీ మళ్ళీ చదవమంది. కుడి చెవి నావైపు తిప్పింది. చదివాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చదివాను. మా తాతగారు తెలిసి చేశారో తెలియక చేశారో, ఆయన తరఫున నన్ను క్షమించాలని అడిగాను. ఈ మాట అంతకుముందు నేను ఎవరినీ అడిగి ఎరగను.

“పోయినాయన సంగతి పోనీ బాబూ. ఆయన బిళ్ళ చూసుకున్నాడు, మనిషిని చూళ్ళేదు. మావాడు మొన్న ఆదివారం నాడు ఇది తిరగేశాడంట. మరి ఆ రెండు రోజులు ఎవరివి?”

కోపం లేదు ఆ గొంతులో. చేలో కలుపు మిగిల్చిన పిల్లను అడిగినట్టు అడిగింది. నావేనమ్మా అన్నాను. ఆ మాట చాలనట్టు తలూపి, కవరు సంచిలో పెట్టుకుని, కొడుకు భుజం పట్టుకుని వెళ్ళిపోయింది. ఖాళీ చట్రంతోనే సాయంత్రం దాకా ప్రదర్శన నడిపాం. ఆఖరున వచ్చిన పిల్లలు ఇందులో ఏం లేదేంటని అడిగితే, ఉన్న ఉత్తరం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళిందని పోస్టుమాన్ చెప్పాడు.

వారం తర్వాత అతను నా బల్ల మీద చిన్న పొట్లం పెట్టాడు. లోపల ఆ గోధుమరంగు బిళ్ళ. నీళ్ళల్లో నానబెట్టి, చిరక్కుండా లేపి, ఆరబెట్టి తెచ్చాడు.

“అమ్మ ఇచ్చి రమ్మందండి. దొరగారు మోజుపడింది దీని మీదేగా, ఇది వాళ్ళది, ఉత్తరం మనది అంది.”

రెండు చేతులతో తీసుకున్నాను. ఆ ముద్ర కూడా రెండు ముక్కలైంది, సగం నా దగ్గర బిళ్ళ మీద, సగం పాలెంలో ఆవిడ కవరు మీద.

మనదేశపు బిళ్ళల మీద ఐక్యత గురించి చాలా బొమ్మలు వేశారు. చేతులు కలిపిన పిల్లలు, పటం, జెండా. అన్నీ నా చేతుల మీదుగా అమ్మాను, అన్నిటి మీదా ముద్ర వేశాను. ఒకే ధర పెట్టడం ఢిల్లీలో అయ్యే పని. దాన్ని ఆఖరి గడప దాకా తీసుకెళ్ళడం మాత్రం మనలాంటివాళ్ళ చేతుల్లో ఉంటుంది. అరుగు మీద పెట్టి వచ్చేస్తే అందినట్టు కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు ఈ ఒక్కటీ గుర్తుంచుకుంటే చాలు.

నేను రిటైరైన కొన్నాళ్ళకు పోస్టుమాన్ ఫోన్ చేశాడు. ఉత్తరంలో తేదీ లేదు కదండీ, అది ఎప్పుడు వేశాడో తెలుసుకోవాలని అమ్మకి ఒకటే ఆరాటంగా ఉందండి అన్నాడు. కవరు మీది సగం ముద్రలో రోజూ, ఏడూ కనిపిస్తున్నాయట, నెల లేదట. నెల నా దగ్గరున్న బిళ్ళ మీద ఉంది. ఫోన్లో చెప్పేస్తే సరిపోయేదే. చెప్పలేదు. మర్నాడు బస్సెక్కాను.

మా ఊళ్ళో దిగి, మేడ ఉన్న వీధి కాకుండా తూర్పు దారి పట్టాను. పుట్టిన ఊళ్ళో పాలెంలోకి అరవై ఏళ్ళకు అదే మొదటిసారి వెళ్ళడం. ఆవిడ పంచలో మంచం మీద కూర్చుని ఉంది. రండి బాబూ అని పక్కకు జరిగింది. కూర్చున్నాను. బైబిల్లోంచి కవరు తీసింది. జేబులోంచి బిళ్ళ తీసి దాని పాత చోటులో ఆనించాను. గుండ్రం పూర్తయింది. ఉర్దూ అక్షరాల కింద ఇంగ్లీషు అంకెలు. మే నెల పద్నాలుగు అని చదివాను.

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నాన్న బొగ్గు బావులకి పోయింది ఉగాది వెళ్ళిన వారానికి అంది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పుడు నావైపు కాదు, గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు చూసింది.

“నెలకే రాశాడ్రా” అంది. “పోయిన నెలకే రాశాడు.”